ఆఖరి పంది లోపలికొచ్చేదాకా

హిల్మర్ పొద్దున్నే లేచి కాఫీ కాచుకుని తాగి, పాత ట్రక్కులో రెండు బస్తాల మొక్కజొన్నలు వేసుకుని తన నేలంతా ఒకసారి చుట్టి వస్తాడు. డెబ్భై రెండేళ్లొచ్చినా ఆ పని మానలేదు. టెక్సాస్ కొండల్లో ఆరువందల ఎకరాలు, రాళ్లూ ఓక్ చెట్లూ ఒక వాగూ ఒక కుంటా. నవంబరు వచ్చిందంటే పట్నాల నుంచి వేటగాళ్లు దిగి, మంచెలెక్కి కూర్చుని జింకల్ని కొడతారు. వేటకి వాళ్లిచ్చే కౌలుతోనే అతని ఇల్లు గడుస్తూ వచ్చింది. ఇప్పుడు మంచెలున్నాయి, వేటగాళ్లున్నారు, జింకలే కరువయ్యాయి. జింకల కోసం చల్లిన గింజలు పందులు తినేస్తున్నాయి. గడ్డిలో దాక్కున్న జింకపిల్లల్ని కూడా వదలడం లేదు.

పైగా నేలంతా తవ్విపోస్తాయి. పందిమూతి లోతుగా తవ్విన చోట, ఒకప్పుడు అక్కడ మాట్లాడిన మాటలు పైకి వస్తాయి. పారతో తవ్వితే రావు, అది చాలామంది చూశారు. ఒక ఉదయం వాగు పక్కన కొత్తగా తవ్విన మట్టిలోంచి హిల్మర్ వాళ్లమ్మ గొంతు వినిపించింది.

"బూట్లు విప్పకుండా లోపలికొచ్చావో, చూడు నిన్నేం చేస్తానో!"

"వస్తున్నానమ్మా," అని అతను ట్రక్కు ముందుకి పోనిచ్చాడు.

పక్క పొలం ఆసామి డబ్ నలభై ఏళ్ల కిందట వేరే పిల్లకి చెప్పిన ముద్దుమాటలు, కిందటేడు ఇలాగే పైకొచ్చి అతని భార్య చెవిన పడ్డాయి. డబ్ నెల్లాళ్లు కొట్టంలో పడుకున్నాడు. అందుకే పందులు తవ్వాయని తెలియగానే ఎవరి నేల వాళ్లు ట్రాక్టరుకి గుంటక కట్టి చదును చేసుకుంటారు. ఒకరి నేల మీద నిలబడి ఇంకొకరు వినడం అక్కడ మర్యాద కాదు.

ఈ పందులు వాటంతటవి రాలేదు. జనవరిలో జింకల వేట ముగిస్తే మళ్లీ నవంబరు దాకా వేటగాళ్లు ఇటు తొంగిచూడరు. పందులకైతే అలాంటి నియమం లేదు, ఏడాదంతా వేటాడొచ్చు, ఏడాదంతా కౌలొస్తుంది. ఆ ఆశతో ముప్ఫై ఏళ్ల కిందట పదకొండు పందుల్ని ఎక్కణ్నించో బండిలో తెచ్చి ఇక్కడ వదిలారు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. మూడేళ్లకల్లా పక్కవాళ్ల వేరుశనగ చేలు మట్టిలో కలిశాయి. ఊరి విందులో అందరూ నిలదీస్తే, హిల్మర్ అది తన తమ్ముడు ఆర్నో చేసిన పని అన్నాడు. ఆర్నోకి తిక్క పనులు చేస్తాడన్న పేరు ముందే ఉంది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు జనం. ఆర్నో కాదనలేదు. భార్యనీ, చంటిపిల్లనీ తీసుకుని సముద్రం ఒడ్డుకి పోయి, రొయ్యల పడవ నడుపుకుంటూ బతికి, అక్కడే పోయాడు.

పందుల్ని వదిలింది హిల్మరే.

ఆ చంటిపిల్ల కెండ్రా. తండ్రి పోయాక పడవని ఒడ్డుకెక్కించి, పందుల్ని పట్టే పని నేర్చుకుంది. ఆరేళ్లుగా ఈ చుట్టుపక్కల పొలాల్లో బోనులు పెడుతోంది. ఈ ఫిబ్రవరిలో పెదనాన్న ఇంటికొచ్చి, ఇక్కడి మంద మొత్తం పట్టేదాకా కదలనంది. భార్య పోయి, పిల్లలు లేక, హిల్మర్ ఇంట్లో మనిషి మాట వినపడి చాలా కాలమైంది. రోజూ పొద్దున్నే ఆ పిల్లకి గుడ్లు వేయించి పెట్టడం అతనికి పండగలా ఉండేది. లోకంలో అతన్ని పెదనాన్నా అని పిలిచేది ఆ ఒక్కతే. నిజం తెలిస్తే అదీ ఉండదు.

"కూలీ అయినా తీసుకోవే," అన్నాడొకరోజు.

"వద్దు పెదనాన్నా. మా నాన్న చేసినదానికి ఎవరో ఒకరు తీర్చాలి కదా."

"నువ్వెందుకు తీర్చాలి?"

"మరింకెవరు తీరుస్తారు? నువ్వా?" అని నవ్వింది.

హిల్మర్ పెనం వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. గుడ్లు మాడిపోయాయి.

బోను ఎక్కడ పెట్టాలన్న దగ్గర చిక్కొచ్చింది.

"గాలిమర దగ్గర పెడదాం," అన్నాడు.

"అక్కడ ఒక్క కాలిజాడ లేదు. కుంట దగ్గరైతే ఇరవై ఎనిమిది తిరుగుతున్నాయి."

"అక్కడన్నీ రాళ్లే."

"రాళ్లు తీసేస్తే పోలా? పందులొచ్చే చోటికి మనం పోవాలి గానీ, మనకి నచ్చిన చోటికి అవి వస్తాయా?"

కుంట పక్కన, అప్పట్లో పందుల్ని వదిలిన చోట, ఆ రాళ్లు పరిచింది హిల్మరే, పందిమూతి దిగకుండా. వద్దనాలంటే కారణం చెప్పాలి. అది చెప్పలేక, తానూ వంగి రాళ్లు మోశాడు.

గుండ్రంగా ఇనుప కంచె కట్టి, తలుపు పైకెత్తి ఉంచి, మూడు వారాలు లోపల గింజలు పోశారు. తొందరపడకూడదు. మంద మొత్తం లోపలికి రావాలి. ఒక్కటి బయట ఉండి తలుపు పడటం చూసిందంటే, అది జన్మలో మళ్లీ బోనులో అడుగుపెట్టదు. దాని పిల్లల్నీ పెట్టనివ్వదు. మూడోవారానికి ఇరవై ఏడు లోపలికి వచ్చి మేస్తున్నాయి. చెవి చిరిగిన ముసలి ఆడపంది ఒక్కటే గుమ్మం దగ్గర ఆగిపోతోంది.

ఆ రోజు తెల్లవారుతుంటే ఇద్దరూ మంచె మీద ఉన్నారు. తలుపు వదిలే మీట ఫోన్‌లోనే ఉంది. కెండ్రా దాన్ని అతని చేతిలో పెట్టింది.

"నీ నేల, నువ్వే నొక్కు. చెవి చిరిగింది కూడా లోపలికెళ్లాకే, సరేనా?"

చెవి చిరిగింది వచ్చింది. గుమ్మంలో ఆగింది. ముందుకాళ్లు రెండూ లోపల పెట్టింది. సరిగ్గా అప్పుడే లోపలున్న ఒక పంది, రాళ్లు తీసిన చోట మూతి దింపింది. మట్టిలోంచి ఎవరో ఈల వేశారు.

"నాన్న ఈల!" కెండ్రా మొహం వెలిగిపోయింది. "పడవ కడుతూ రోజూ ఇదే వేసేవాడు. పెదనాన్నా, విన్నావా?"

ఆ ఈల తర్వాత ఏం మాటలు వస్తాయో హిల్మర్‌కి తెలుసు. ఒక్క నిమిషం ఆగితే ముసలిది కూడా దొరికేది. అతను నొక్కేశాడు.

తలుపు దభీమని పడింది. చెవి చిరిగింది ఎగిరి వెనక్కి దూకి చెట్లలోకి పోయింది.

"అదేంటి పెదనాన్నా! ఒక్క నిమిషం ఆగలేవా?"

"చెయ్యి జారింది," అన్నాడు.

చప్పుడుకి పందులు తవ్వడం మానేస్తాయనుకున్నాడు. కానీ దారి దొరకక ఇరవై ఏడు పందులూ కంచె లోపల చక్కర్లు కొడుతూ, మూతులతో, గిట్టలతో నేలంతా కుళ్లబొడిచాయి. వాటి అరుపుల మధ్య ముప్ఫై ఏళ్ల కిందటి రెండు గొంతులు పైకి వచ్చాయి.

"వద్దన్నయ్యా. వదిలితే మళ్లీ పట్టలేం. జింకపిల్లల్ని బతకనిస్తాయా ఇవి?"

"నోరు మూసుకుని బండి తలుపు తియ్యి."

"రేపు ఊళ్లో అడిగితే?"

"నువ్వే తెచ్చావని అంటాను. నీ పేరు చెప్తే ఎవడైనా నమ్ముతాడు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ రోజు అది వేళాకోళమే. నవ్వు ఆగాక ఆర్నో గొంతు నెమ్మదిగా అంది.

"సరే, అవసరమైతే అలాగే చెప్పు. ఇక్కడ బతకాల్సినవాడివి నువ్వు. నేనెక్కడైనా బతుకుతా."

కెండ్రా మంచె దిగి వెళ్లి, పందులు అలిసి ఆగేదాకా కంచె పట్టుకుని నిలబడింది. హిల్మర్ వెనకే వెళ్లాడు.

"ఆరేళ్లు," అంది అతని వైపు చూడకుండా. "ఎన్ని గుమ్మాల ముందు నిలబడి మా నాన్న తరఫున క్షమించమన్నానో!"

"చెప్దామనే అనుకున్నాను..."

"ఎప్పుడు?"



పని సగంలో వదిలే మనిషి కాదు కెండ్రా. మధ్యాహ్నానికి ఇరవై ఏడింటి సంగతీ చూసి, కంచె కడిగి, తన సామాను ట్రక్కులో వేసుకుంది.

"బోను వదిలి వెళ్తున్నాను. ఆ మిగిలింది కడుపుతో ఉంది. దాన్ని మీరు పట్టుకోండి," అంది. మీరు అనడం అదే మొదటిసారి. పెదనాన్నా అనలేదు.

ఆదివారం చర్చి ముందు హిల్మర్ అందరికీ నిజం చెప్పాడు. డబ్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, "ఆ మాట ఆర్నో ఉండగా చెప్పాల్సింది," అన్నాడు. కెండ్రా మళ్లీ పందుల జోలికి పోలేదనీ, తండ్రి పడవకి రంగు వేయించి సముద్రంలోకి దింపిందనీ తర్వాత ఎవరో చెప్పారు. అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు.

హిల్మర్ రోజూ బోనులో గింజలు పోసి, తుపాకీ పట్టుకుని మంచె మీద కూర్చున్నాడు. ఏప్రిల్లో ఒక ఉదయం చెవి చిరిగిన పంది వచ్చింది. వెనక తొమ్మిది పిల్లలు. బోను వంక కూడా చూడలేదు. తిన్నగా మంచె కిందికి వచ్చి తవ్వడం మొదలుపెట్టింది. ఇంతకంటే దగ్గరగా మళ్లీ దొరకదు. అతను గురిపెట్టాడు.

కింద మట్టిలోంచి ఆర్నో గొంతు పిలిచింది.

"అన్నయ్యా, కాఫీ తెచ్చా. చల్లారిపోతుంది, దిగు."

హిల్మర్ తుపాకీ పక్కన పెట్టాడు.

"వస్తున్నా," అని మెల్లగా మంచె దిగాడు. అలికిడికి పందీ పిల్లలూ చెట్లలోకి పారిపోయాయి. కింద ఎవరూ లేరు.