మూడూళ్ల నాటకాల పుట్టుక

సింధూజది కథలాపూర్. కోరుట్లలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి మస్కట్‌లో ఏసీ మెకానిక్. ఇంట్లో తల్లి రాధ, తను, ఇద్దరే. ఈ పిల్లకు పాఠాలకంటే నాటకాల మీద ధ్యాస ఎక్కువని కాలేజీలో అందరికీ తెలుసు. నిరుడు సిరిసిల్లలో రెండో పోలీసు వేషం వేసింది. ఆ వేషానికి ఒక్క మాట కూడా లేదు. అయినా మీసం తీయకుండానే బస్సెక్కి ఇంటికి వచ్చింది.

ఆ నాటకాలను జనం మూడూళ్ల నాటకాలంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కాలేజీల పిల్లలు ఏటా ఒక ఊళ్లో కలుస్తారు. ఎవరి నాటకం వాళ్లు ఆడతారు, మిగతావాళ్లవి చూస్తారు, కలిసి తింటారు. ఈ ఏడాది జగిత్యాల వంతు. పండుగ మొదలై ఇరవై ఏళ్లు కావస్తోంది. తెలుగు చెప్పే గీత మేడం సింధూజను పిలిపించింది.

"ఈ పండుగ ఎట్ల పుట్టిందో ఇప్పటి పిల్లలకు తెల్వది. నువ్వు పెద్దోళ్లను అడిగి దానిమీదనే ఒక నాటకం రాయాలె. అరగంట ఉంటే చాలు."

"గంతేనా మేడం? రెండు రోజులల్ల రాసిస్త."

"ముందుగాల అడుగు. తర్వాత చెప్పు" అని మేడం నవ్వింది.

మేడం ఎందుకు నవ్విందో సింధూజకు జగిత్యాలలో అర్థమైంది. మహిపాల్ సార్ అక్కడ హైస్కూలు టీచరు. ఇరవై ఏళ్ల కిందట కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చెప్పేవాడు. పండుగ పెట్టింది ఆయనే అని అందరూ అంటారు. ఆయన కూడా అదే అన్నాడు.

"రాసుకో బిడ్డ. మొదటి పండుగ జగిత్యాలల అయింది. ఖిల్లా దగ్గర స్టేజీ కట్టినం. మూడు నాటకాలు ఆడిండ్రు. జనం గోడలెక్కి చూసిండ్రు."

"దానికి ముందు ఏం లేదా సార్?"

"ఏం లేదు."

లోపలి నుంచి ఆయన భార్య చాయ్ తెస్తూ, "సిరిసిల్ల ముచ్చట చెప్పవా?" అంది.

సార్ మొహం చిన్నబోయింది. "అది పండుగ ఎట్లయితది? సగంల ఆగిపోయిన నాటకం. సగం నాటకం లెక్కల రాదు." చాయ్ అందుకుంటూ మళ్లీ అన్నాడు. "నువ్వు ఎట్లయినా సిరిసిల్ల రాజన్న దగ్గరికి పోతవు. పో. మనిషి మంచోడే. కానీ ఆయన చెప్పింది రాయకు."

ఆదివారం సింధూజ సిరిసిల్ల వెళ్లింది. రాజన్నకు మరమగ్గాల షెడ్డు ఉంది. అక్కడ వాటిని సాంచాలంటారు. జీవితమంతా ఆ చప్పుడులోనే గడిచిన మనిషి, బయట అరుగు మీద కూర్చుని కూడా పక్కవీధికి వినబడేట్టు మాట్లాడాడు.

"పండుగ పుట్టింది గీ షెడ్డులనే. ఆనాడు కోరుట్ల పిల్లలను మా యూత్ సంఘపోళ్లు నాటకానికి పిలిచిండ్రు. వాన కొట్టింది, టెంటు లేచిపోయింది. పిల్లలు ట్రంకుపెట్టె పట్టుకోని గీ అరుగు మీద తడుసుకుంట నిలవడ్డరు. షెడ్డుల కరెంటు లేదు, సాంచాలు బంద్ ఉన్నయి. లోపటికి రాండ్రి, సాంచాల నడుమ ఆడుండ్రి అన్న."

"ఆడిండ్రా కాక?"

"ఆడిండ్రు. ఇద్దరన్నదమ్ములు బోరుబావి కోసం కొట్లాడుకునే నాటకం. ఒక ముసలవ్వ వాళ్లకు పంచాయితీ చెప్తది. మంచిగ నడుస్తున్నది. గప్పుడే కరెంటచ్చింది. మావోళ్లు స్విచ్చులు బంద్ చెయ్యక మరిచిండ్రు. సాంచాలన్నీ ఒక్కపారే మొదలైనయి." రాజన్న తొడ మీద చరిచాడు. "ఇగ ఏం వినవడ్తది? కానీ ఆ ముసలవ్వ వేషం పిల్ల ఆగలేదు. చేతులతోనే పంచాయితీ చెప్పింది. ఆఖరికి నేనే పోయి మెయిన్ బంద్ చేసిన. నా సాంచాలు నేనే బంద్ చేసిన్నంటే చూసుకో."

"మరి సార్ అది పండుగ కాదంటున్నడు."

"మహిపాల్ సార్‌కు ఖిల్లా దగ్గర స్టేజీ ఉంటెనే పండుగ" అన్నాడు రాజన్న. కోపంగా కాదు, ఎన్నోసార్లు అన్నమాటలా అన్నాడు. వాళ్లిద్దరూ ఏటా నాటకాలకు వస్తారు. ఏటా ఈ సంగతి మీదే వాదించుకుంటారు. తర్వాత దూరదూరంగా కూర్చుంటారు. "ఆ పిల్లనే అడుగు. కల్పన. గిప్పుడు మీ కోరుట్ల బస్సుల కండక్టరు."

తిరుగు ప్రయాణంలో ఆ బస్సే దొరికింది. సింధూజ ఆధార్ కార్డు చూపించింది. కల్పన ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. సంగతి చెప్పగానే ఆమె మొహం వెలిగిపోయింది. వేములవాడలో జనం దిగాక వచ్చి పక్కన కూర్చుంది.

"వాళ్లిద్దరు చెప్పనిది నేను చెప్త. సాంచాలు మొదలైనంక నా గొంతు నాకే వినవడలేదు. నేను చెయ్యి ఊపిన. అటుమొకాన కూసున్న ఒకాయన తిరిగి చెయ్యి ఊపిండు. ఇంకొకాయన తల ఊపిండు. సాంచాల కాడ పనిచేసెటోళ్లు రోజూ సైగలతోనే మాట్లాడుకుంటరట. నాకు ఎర్కలేదు. నేను అన్నదమ్ములను తిడితే వాళ్లు గూడ తిట్టిండ్రు. నాటకంల నేను ఒక్కదాన్నే ముసలిదాన్ని. అక్కడ యాభైమంది పంచాయితీ పెద్దలైండ్రు."

సింధూజ నోరు తెరుచుకుని వింటోంది.

"మరి సగంల ఎందుకు ఆగింది అక్క?"

"ఆఖరి బస్సుకు టైమయింది. మా ఇండ్లల్ల తిడ్తరని సార్‌కు భయం. వేషాలమీదనే ఉరికినం." కల్పన లేచి బెల్లు కొట్టింది. "రుద్రంగి దిగెటోళ్లు రాండ్రి."

నాటకం రాయడానికి సింధూజకు పది రోజులు పట్టింది. సార్ చెప్పిన ఖిల్లా స్టేజీని నాటకంలో పెట్టింది, రాజన్న షెడ్డునూ పెట్టింది. ఎవరిది మొదటిదో మాత్రం తేల్చలేకపోయింది. కల్పన వేషం తనే తీసుకుంది. రాజన్న వేషానికి శ్రీహరి అనే క్లాస్‌మేట్ ఒప్పుకున్నాడు. సాంచాల చప్పుడు సిరిసిల్లలో ఫోన్లో రికార్డు చేసుకొచ్చారు. మెయిన్ స్విచ్చు అట్టముక్కతో చేశారు.

జగిత్యాల హాలు నిండిపోయింది. రాజన్న ముందు వరసలో, మహిపాల్ సార్ వెనకెక్కడో కూర్చున్నారు. డ్యూటీ మార్చుకుని కల్పన కూడా వచ్చింది. సింధూజ తల్లి రాధ పక్కింటి బాలవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. కూతురి నాటకం చూడటం ఆమెకు ఇదే మొదలు.

మొదటి సగం బాగా నడిచింది. జుట్టుకు పౌడరు పూసుకుని ముసలవ్వగా నిలబడ్డ సింధూజ అన్నదమ్ములను తిడుతుంటే జనం నవ్వారు. కరెంటు వచ్చింది, సాంచాలు మొదలయ్యాయి, హాలు దద్దరిల్లింది. సింధూజ చేతులతో పంచాయితీ చెప్పింది. అప్పుడు శ్రీహరి ఠీవిగా నడిచివచ్చి మెయిన్ కిందికి లాగాడు.

చప్పుడు ఆగలేదు.

శ్రీహరి మళ్లీ లాగాడు. ఆగలేదు. తెర వెనక ఫోను బిగుసుకుపోయింది. సౌండ్ చూసే అమ్మాయి దాన్ని ఎంత నొక్కినా లాభం లేదు. శ్రీహరి మూడోసారి లాగేసరికి హాల్లో అందరూ నవ్వడం మొదలుపెట్టారు. పాపం, వాడి చెవులు ఎర్రబడ్డాయి.

ముందు వరసలో రాజన్న లేచాడు. "గట్ల కాదుర పిలగా" అంటూ మెట్లెక్కి వచ్చాడు. ఆ చప్పుడులో కూడా ఆయన మాట చివరి వరస దాకా వినబడింది. "బలంగ గుంజాలె." అట్టముక్కను రెండు చేతులతో పట్టుకుని గుంజాడు. అది మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే తెర వెనక అమ్మాయి వైరు పీకేసింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. మరుక్షణం చప్పట్లు.

వెనక నుంచి మహిపాల్ సార్ గొంతు వినిపించింది. "ఆనాడు నువ్వు బంద్ చెయ్యలె రాజన్నా. కరెంటే మళ్ల పోయింది."

"నేనే బంద్ చేసిన. పైకచ్చి చెప్పు."

సార్ నిజంగానే వచ్చాడు. ఇద్దరు పెద్దమనుషులు స్టేజీ మీద ఎదురెదురుగా నిలబడ్డారు. తను రాసిన మిగతా మాటలు ఇక పనికిరావని సింధూజకు తెలిసిపోయింది. కానీ ఒంటిమీద ముసలవ్వ చీరే ఉంది, చేతిలో కర్ర ఉంది. కర్ర నేలకు కొట్టింది.

"ఇద్దరు కూసోండ్రి" అంది ముసలవ్వ గొంతుతో. "ఒకలు చెప్పినంక ఒకలు చెప్పాలె. సార్, ముందుగాల నువ్వు చెప్పు. సిరిసిల్ల ముచ్చట ఎందుకు దాస్తవు?"

జనం మళ్లీ నవ్వారు. సార్ కూర్చున్నాడు. నవ్వుదామని చూశాడు, కానీ నవ్వు రాలేదు.

"దాచుడు కాదు అవ్వా. అది నా మొట్టమొదటి నాటకం. రెండు నెలలు నేర్పిచ్చిన. సగంల ఇడిసిపెట్టి బస్సు కోసం ఉరకవడ్తి. ఆఖరు చూపియ్యలేదని మనసుల ఉండిపోయింది. గందుకే లెక్కల వెయ్యలె."

రాజన్న ఆయన వైపు వింతగా చూశాడు. అట్టముక్క ఇంకా చేతిలోనే ఉంది.

"ఇన్నేండ్లు గిది చెప్పకపోతివి సార్. ఆ అన్నదమ్ములు కలిసిండ్రా లేదా అని మా షెడ్డోళ్లు ఏడాదంత అడిగిండ్రు. మీరు జగిత్యాలల ఆడ్తున్నరని తెలిసి, మిగిలిన సగం చూద్దామనే కదా మేమందరం లారీ కట్టుకోని వచ్చింది. ఉత్తచేతులతోని ఎట్ల పోవుడని మా పిల్లలు గూడ ఒక నాటకం నేర్చుకోని వచ్చిండ్రు. మీ జగిత్యాలోళ్లు అది ఇని ఇంకోటి కట్టిండ్రు."

ఎవరో ఈల వేశారు. కల్పన లేచి నిలబడి చేతులు పైకెత్తి ఊపింది, సాంచాల కాడ ఊపినట్టు. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లందరూ లేచి ఊపారు. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తీర్పు చెప్పు అవ్వా" అన్నాడు రాజన్న.

సింధూజ ఇద్దరినీ చూసింది. "సగం సిరిసిల్లల పుట్టింది, సగం జగిత్యాలల పుట్టింది. నాటకం ఆడిన పిల్లలను కన్నది కోరుట్ల. ఇగ లేవుండ్రి, జనం అన్నానికి పోవాలె."

తెర పడ్డాక గీత మేడం సింధూజను గట్టిగా పట్టుకుంది. సార్, రాజన్న ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. కరెంటు పోయిందా, మెయిన్ బంద్ చేశాడా అన్నది మాత్రం అక్కడా తెగలేదు.

చేతులు కడుక్కుంటున్న మేడం దగ్గరికి రాధ వచ్చింది.

"మేడం, ఎప్పుడు చూసినా గీ మూడూళ్లల్లనే ఆడ్తరా? మా కథలాపూర్‌ల ఆడరా?"

"మీ దగ్గర స్టేజీ ఉన్నదా అమ్మా?"

"స్టేజీ ఎందుకు? వడ్లు ఆరవోసే కల్లం ఉన్నది. గంత జాగ మీ జగిత్యాలల గూడ లేదు."

"అవును మేడం, నేను గూడ చూస్త" అంది బాలవ్వ. "ఏటేటా ఇంత దూరం వచ్చుడు నాతోని కాదు."

మేడం నవ్వి ఒప్పుకుంది. యాసంగి పంట వడ్లు లారీలకెక్కాక, మే నెలలో ఒక సాయంత్రం, కథలాపూర్ కల్లం మీద రెండు నాటకాలు పెట్టారు. రాధ, మరో నలుగురు ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి ఊడ్చారు. అయినా సిమెంటు పగుళ్లలో వడ్లు మిగిలిపోయాయి. ఉత్తకాళ్లతో ఆడే పిల్లలకు అవి గుచ్చుకుంటూనే ఉన్నాయి. ప్రతి మాటకూ ఒకసారి ఎగురుతుంటే, అది కూడా నాటకంలోదే అనుకుని ఊరివాళ్లు పడిపడి నవ్వారు.