వెయ్యో కారు నంబరు

దీపాలు పెట్టే వేళకు ధర్మవరంలో భాస్కరయ్య ఇంటి గడప ముందు చెప్పులు పేరుకుంటాయి. లోపల చౌడమ్మవ్వ చౌడేశ్వరమ్మ పటానికి హారతి ఇస్తుంటుంది. ఆమె కొడుకు భాస్కరయ్య గుంతమగ్గంలో కాళ్ళు దింపుకుని పట్టుచీర నేస్తుంటాడు. హారతి గంట ఆగుతుంది. ఆయన చెయ్యి పెట్టకుండానే చీర అంచులో జరీ తనంతట తాను మెలికలు తిరిగి ఒక నంబరు పడుతుంది. వచ్చినవాళ్ళు అది చూసుకుని, కళ్ళకద్దుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోతారు.

పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో రేపు చిట్టచివర తయారయ్యే కరెంటు కారు నంబరది. మనకు నుదుటిరాత ఎట్లాగో కారుకు ఆ నంబరు అట్లాగమ్మా! పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిపి ఉంటుంది. ఏ దేశంలో పుట్టింది, ఏ రకం బండి, ఏ ఏడాదిది, అన్నీ అందులోనే ఉంటాయి. ఎన్నో కారో చివరి అంకెలు చెబుతాయి. ఆ రాత లేని కారును రిజిస్ట్రేషను చెయ్యరు, అమ్మరు, గేటు కూడా దాటనివ్వరు.

హిందూపురం షోరూములో పనిచేసే ఈశ్వరప్ప రోజూ వచ్చేవాడు. ఏ కస్టమరుకు ఏ నంబరు బండో కంపెనీ ముందే చెప్పేది. అది రేపటికి పుడుతుందో లేదో మాత్రం అంచు చూస్తేనే తెలిసేది.

"ఏమప్పా భాస్కరయ్యా, మా డాక్టరమ్మ బండి పుట్టిందా?"

"ఇంకా లేదప్పా. ఎల్లుండికి పడతాదేమో."

"ఎల్లుండి ఎల్లుండని ఆయమ్మ నా ప్రాణం తీస్తాండాది. రోంత బిరీన నెయ్యకూడదా?"

"నేను నేసేది చీర. కారు కాదు."

"నా మనవరాలికి చెప్పు నాయనా," అని అవ్వ నవ్వేది. "నంబరు కొట్టేది ఆ పిల్లే గదా!"

అదీ నిజమే. భాస్కరయ్య కూతురు పల్లవి డిప్లొమా చదివి, ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు పనికి కుదిరింది. మిషను సూది రేకు మీద పొడిచిన నంబరూ, ముందు అద్దం కింద ఉన్న నంబరూ ఒకటేనా కాదా అని వేలు పెట్టి అక్షరం అక్షరం చూడడం ఆమె పని. ఆమె జీతంతోనే ఇంటికి పట్టు వచ్చేది. ఆ వీధిలో తక్కిన మగ్గాలన్నీ ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. ఆ పిల్ల ఉద్యోగం పోతే ఈ మగ్గమూ ఆ దారే పడుతుంది.

ఒక సాయంత్రం పల్లవి కంపెనీ బస్సు దిగి వచ్చి, సంచి కింద పెట్టకుండానే చెప్పింది. "నాయనా, ఈ ఆర్డరు వెయ్యి కార్లకేనంట. వెయ్యో కారుకు నంబరు పడినాక మా కాంట్రాక్టోళ్ళందరినీ ఇండ్లకు పంపిస్తారంట."

భాస్కరయ్య అంచు వైపు చూశాడు. అప్పటికే తొమ్మిది వందలు దాటింది.

ఏం చేస్తాడు చెప్పండి? మెల్లగా నేశాడు, నంబరు మెల్లబడలేదు. అమావాస్యకు ఎటూ మగ్గం ఎక్కడు, ఈసారి మర్నాడూ ఎక్కలేదు. మళ్ళీ కూర్చున్న సాయంత్రం ఆ రెండు రోజులదీ కలిపి ఒకేసారి పడింది. కదిరి నరసింహస్వామికి ముడుపు కట్టాడు. స్వామి విన్నాడో లేదో గానీ జరీ మాత్రం వినలేదు. తన కాళ్ళే తొక్కుతున్నాయి, తన చేతులే నాడె విసురుతున్నాయి, కూతురి ఉద్యోగం తన ఒళ్ళోనే అంగుళం అంగుళం అయిపోతోంది.

ఆఖరికి ఆ సాయంత్రం వచ్చింది. హారతి గంట ఆగింది. అంచులో వెయ్యి పడింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు కళ్ళకద్దుకోకుండానే లేచిపోయారు. భాస్కరయ్య సూది తీసుకుని జరీ పోగు కింద దూర్చాడు.

"ఏం చేస్తాండావురా?" అంది అవ్వ.

"నేతలో తప్పు పడితే విప్పుతాం గదమ్మా."

"ఇది తప్పు కాదురా."

"నాకు తప్పే."

ఒక్కో పోగే లాగేశాడు. ఆ చోటు వట్టి పట్టుగా మిగిలింది.

మర్నాడు ఫ్యాక్టరీలో వెయ్యో కారు పల్లవి ముందుకు వచ్చింది. సూది దిగింది, లేచింది. రేకు నున్నగా ఉంది. మళ్ళీ కొట్టారు. నీళ్ళ మీద రాసినట్టు ఎక్కడిదక్కడ మాసిపోయింది. అద్దం కింద పట్టీ కూడా ఖాళీయే.

సూపర్‌వైజరు దేవసహాయం వచ్చి, వంగి చూసి, తల గోక్కున్నాడు. "మీ నాయనకు ఫోన్ చెయ్ పాపా. యాడో పోగు తెగినట్టుండాది."

పల్లవి ఫోను కలిపింది.

"నాయనా, విప్పినావా?"

"విప్పినానమ్మా."

"మళ్ళీ నెయ్ నాయనా. పని నా చేతి కింద ఆగిపోయింది. నామీదికే వస్తాది."

భాస్కరయ్య పరుగున మగ్గంలో దిగాడు. నంబరు కాగితం మీద రాసుకుని, జరీ కండె పట్టుకుని, అక్షరం అక్షరం నేశాడు. నేసింది నేసినట్టే కరిగి వట్టి పట్టు అయింది. పట్టును చెప్పినమాట వినేట్టు చేసుకున్న మనిషి, ఆ పూట చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పల్లవి ఉద్యోగం పోలేదు. నంబరు లేని కారును అమ్మను రాదు, తుక్కు కింద రాసుకోనూ రాదు, ఏ నంబరుదని రాస్తారు? దానికి నంబరు పడేదాకా ఆర్డరు ముగియదు. ఆర్డరు ముగిసేదాకా నంబరు దగ్గర ఒక మనిషి ఉండి తీరాలి. తక్కిన కాంట్రాక్టు వాళ్ళందరినీ పంపేశారు. పల్లవి స్నేహితురాలు సుమ బెంగళూరు పోయింది. ఖాళీ షెడ్డులో పల్లవీ, తెల్లటి ఆ కారూ మిగిలారు. రోజూ పొద్దున దానికి చార్జింగు పెడుతుంది, మిషను తిప్పుతుంది, నున్నటి రేకును వేలితో తడిమి చూస్తుంది. జీతం పడుతోంది. పట్టు వస్తోంది. మగ్గం ఆడుతోంది. అంచులో మాత్రం మళ్ళీ ఏ నంబరూ పడలేదు. గడప ముందు చెప్పులూ లేవు.

మొన్నొక సాయంత్రం సుమ ఫోన్ చేసింది. "ఈడ పెద్ద కంపెనీలో నీ పనే ఉండాది. పర్మనెంటు. నువ్వొస్తానంటే రేపే తీసుకుంటారే! ఆడ్నుంచి రిలీవింగ్ లెటరు మాత్రం తెచ్చుకో."

పల్లవి ఫ్యాక్టరీలో అడిగింది. ఆర్డరు ముగిస్తే ఇస్తామన్నారు.

ఇంటికొచ్చి మగ్గం పక్కన నిలబడింది. "నాయనా, ఇంగొక్కసారి నేసి చూడు."

భాస్కరయ్య జరీ కండె తీశాడు. అవ్వ హారతి వెలిగించి, గంట కొట్టి, ఆపింది. ముగ్గురూ అంచు మీదికి వంగారు. జరీ మిలమిలమంది, మెల్లగా మాసిపోయింది.

"రేపు చూద్దాంలే," అన్నాడు భాస్కరయ్య, కూతురి ముఖం చూడకుండా.

"ఊఁ," అంది పల్లవి.

పొద్దున్నే బస్సెక్కింది. షెడ్డు తలుపు తీసి కారుకు తీగ తగిలించింది. పచ్చ దీపం వెలిగింది. చెయ్యి ఆనిస్తే రేకు వెచ్చగా తగిలింది.

"నువ్వూ యాడికీ పోలేవు గదా," అని, మిషను దగ్గరికి నడిచింది.