కాదన్న పదమూడు మంది

ఎంబీఏ రెండో ఏడాదిలో మాకు బిజినెస్ స్ట్రాటజీ చెప్పిన కిషోర్ బాబు గారికి ఒక పట్టుదల ఉండేది. పుస్తకంలో ఉన్న కంపెనీల గురించి రాస్తే మార్కులు వేసేవారు కాదు. "మీ ఊళ్ళో ఏం జరుగుతోందో చూసి రాయండి. వెళ్ళి మనుషుల్ని అడగండి" అనేవారు. ఏదో ఒక విదేశీ కంపెనీ ఎందుకు మునిగిందో ఇంటర్నెట్‌లో చూసి పది పేజీలు గిలికేద్దామనుకున్న మాకు ఆయన మీద ఒళ్ళు మండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆయన తప్పేమీ లేదు. ఆయన అడగమన్నారు, మేమే అడగలేదు.

నేనూ ఫరీనూ ఒక జట్టు. ఫరీన్ వాళ్ళది నెల్లూరులో బట్టల కొట్టు. రొయ్యను కంచంలో తప్ప ఇంకెక్కడా చూసిన పిల్ల కాదు. మాది చిట్టమూరు దగ్గర పల్లె, మూడెకరాల వరి మడి. అందుకని అంశం నేనే ఎంచాను: తీరంలోని వరి రైతు రొయ్యల సాగుకు మారడం మంచి వ్యూహమేనా? అరవై మంది రైతుల చేత ప్రశ్నపత్రాలు నింపించాలి. వాటిని బట్టి మారాలో వద్దో చివర్లో తేల్చి చెప్పాలి.

మైపాడు బస్సెక్కిన మాట నిజం. అది కూడా అబద్ధమనుకోకండి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా రొయ్యల గుంటల గట్ల వెంట తిరిగితే నలుగురు దొరికారు. ముగ్గురు మమ్మల్ని చూసి ఏ డిపార్టుమెంటు వాళ్ళో అనుకుని మొహం చాటేశారు. నాలుగో ఆయన కొబ్బరి బోండాలు కొట్టించి ఇచ్చి, మా పెళ్ళిళ్ళ గురించి అడిగాడే గానీ రొయ్యల గురించి నోరు విప్పలేదు. ఎండకు తల పగిలిపోతోంది. "ఇట్టా అయితే అరవై మంది దొరికేసరికి మనకు మనవళ్ళు పుడతారే" అంది ఫరీన్. సముద్రంలో కాళ్ళు తడుపుకుని, ఐస్‌క్రీం తిని, తిరుగు బస్సెక్కాం.

ఆ ఆదివారం హాస్టల్లో భోజనం అయ్యాక ఇద్దరం మంచం మీద బాసింపట్లు వేసుకుని అరవై కాగితాలూ మేమే నింపాం. నాలుగు రంగుల పెన్నులు వాడాం. కొన్ని ఎడమ చేత్తో రాశాం. పేర్ల కోసం నా పదో తరగతి పిల్లలందరినీ గుర్తు తెచ్చుకుని, తలా ముప్పై ఏళ్ళు కలిపి రైతుల్ని చేశాను. నలభై ఏడు మందితో లాభమనిపించాం. మారమని చెప్పే రిపోర్టుకు ఒక ఊపు ఉంటుంది. ఉన్నచోటే ఉండమని చెప్పడానికి ఎంబీఏ ఎందుకు? కానీ అందరూ లాభమంటే సార్ నమ్మరు కదా, అందుకని పదమూడు మందితో కాదనిపించాం. నష్టపోయిన తర్వాత ఏం చేశారు అన్న గడిలో ఆ పదమూడు మందికీ 'మళ్ళీ వరి వేసుకున్నాను' అని రాసింది ఫరీన్. ఏదో ఒకటి రాయాలి కాబట్టి రాసింది.

సార్ ఆ రిపోర్టును క్లాసులో పైకెత్తి అందరికీ చూపించారు. పని అంటే ఇట్లా చెయ్యాలన్నారు. నేను లేచి నిలబడి దండం కూడా పెట్టాను. సిగ్గు లేకపోతే సరి.

సెలవులకు వెళ్ళినప్పుడు దాన్ని ఇంటికి పట్టుకుపోయాను. నాయన సంతోషపడతాడని, అంతే. మా నాయన చెంచురామయ్య ఐదో తరగతి చదివాడు. ఇంగ్లీషు పేజీలన్నీ మర్యాదగా తిప్పేసి, వెనక కుట్టిన తెలుగు కాగితాల దగ్గర ఆగాడు. మూడు రోజులు చదివాడు. ఎవరో బంధువులు రాసిన ఉత్తరాల్లాగా ఒక్కొక్కటీ పెదాలు కదుపుతూ చదివాడు.

"ఇంతమందిని కలిసినావా తల్లీ? ఎండలో?" అని అడిగాడు.

"కలిసినా నాయనా" అన్నాను. అప్పుడు చెప్పాల్సింది. నిజం చెప్పడానికి దేవుడు అంతకంటే మంచి అవకాశం ఎవరికీ ఇవ్వడు. కానీ ఆయన మొహంలో ఆ మెరుపు చూశాక నాకు నోరు రాలేదు.

మా మడికి ఆనుకుని రమణయ్య చిన్నాయనకు రెండెకరాలు ఉంది. చుట్టరికం లేదు గానీ, నేను పుట్టకముందు నుంచి నాయనా ఆయనా ఒకరి మడికి ఒకరు నీళ్ళు కట్టుకునేవాళ్ళు. గుంటలకు లీజుకివ్వమని బ్రోకర్లు ఎన్నిసార్లు వచ్చినా చిన్నాయన వాళ్ళను గట్టు ఎక్కనివ్వలేదు. ఆయనకు చదువు రాదు. నాయన ఆ అరవై కాగితాలూ ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాడట. కాదన్న వాళ్ళు కూడా మళ్ళీ వరి వేసుకున్నారు కదా, తేడా వస్తే మనమూ వరికే వస్తాం అనుకున్నారట ఇద్దరూ. "మన పాప ఊరూరూ తిరిగి అడిగినాక ఇంక ఆలోచనేంది అన్నా" అన్నాడట చిన్నాయన.

ఇవన్నీ నాకు పొక్లెయిన్ వచ్చిన రోజు ఫోన్లో తెలిశాయి. రెండు మడులూ కలిపి ఒకే గుంట తవ్వుతున్నామని నాయన కేకలు పెట్టి చెబుతున్నాడు, వెనక మిషను చప్పుడు. ఫరీన్‌కు చెబితే అది ఏడ్చింది. "ఇప్పుడే చెప్పెయ్యవే" అంది. మర్నాడు నాకు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది, అయ్యాక చెబుదామనుకున్నాను. ఇంటర్వ్యూలో వాళ్ళు ఆ రిపోర్టు గురించే అడిగారు. గడగడా చెప్పాను. నెల్లూరులో ట్రాక్టర్ల షోరూములో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది.

మొదటి పంట బాగా పండింది. అదే మా ఖర్మ. నేను రాసిన అబద్ధం నిజమైపోయిందని నాకు నేనే సర్ది చెప్పుకుని, హాయిగా నిద్రపోయాను కూడా. రెండో పంటలో నలభయ్యో రోజున రొయ్యలు గట్ల అంచులకు వచ్చి తేలాయి. కాకులూ కొంగలూ వాలాయి. పెంకు మీద తెల్ల మచ్చలు. మూడో పంట అన్ని రోజులు కూడా నిలవలేదు.

"పోనీలే, వరికే పోదాం" అన్నాడు నాయన. గట్లు తెగ్గొట్టారు. కార్తీకం వానలకు నీళ్ళు నిలబెట్టి, వదిలి, మళ్ళీ నిలబెట్టి ఐదెకరాలూ కడిగారు. నాట్లు వేశారు. పైరు జానెడు లేచింది, కొనలు మాడాయి, అక్కడితో ఆగిపోయింది. ఏడాది పైగా ఉప్పుటేరు నీళ్ళు తాగిన మట్టి అది. నేను వెళ్ళినప్పుడు చిన్నాయన మడి మధ్యలో గొంతుక్కూర్చుని మట్టి నాలుక మీద వేసుకుని చూస్తున్నాడు. ఎవరో చనిపోయిన ఇంటికి వెళ్ళినట్టు నేను గట్టు మీదే నిలబడిపోయాను.

అప్పుడే ఒక మద్రాసు పార్టీ గోడౌన్ల కోసం చిన్నాయన రెండెకరాలూ అడిగింది. సోమవారం సంతకం. ఆ ముందు ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే నాయన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో పదమూడు కాగితాలు. రిపోర్టులోంచి విప్పి వేరుగా పిన్ను కొట్టుకున్నాడు.

"వీళ్ళందరూ మళ్ళీ వరి వేసుకున్నోళ్ళే గదా. ఎన్నేళ్ళు పట్టింది, మట్టికి ఏం చేసినారు, అడిగొద్దాం పద. రమణయ్య కూడా వస్తాడు. వాళ్ళ నోట ఒక్క మాట వింటే వాడు రేపు సంతకం పెట్టడు. ఇదిగో, ఈ సుకుమార్ అనే ఆయన మైపాడులోనే ఉండాడు. యాభై రెండేళ్ళు. ముందు ఈయన దగ్గరికి పోదాం."

సుకుమార్ నా పదో తరగతిలో మూడో బెంచీలో కూర్చునేవాడు. ఇప్పుడు చిల్లకూరులో సెల్‌ఫోన్లు బాగు చేస్తాడు.

"నాయనా, అట్టాంటి రైతు ఎవరూ లేరు. నేనే రాసినా" అన్నాను.

నాయనకు అర్థం కాలేదు. ఆ కాగితం కిందికి పెట్టి రెండోది చూపించాడు. "మరి ఈయన?"

"ఈయన కూడా లేడు."

"ఈయన?"

"లేడు నాయనా."

ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. పదమూడు కాగితాలూ ఒక్కొక్కటే తీసి, పేరు చదివి, ఊరు చదివి అడిగాడు. పదమూడుసార్లూ నా చేత లేడు అనిపించాడు. కోపంతో కాదు, ఒక్కరైనా మిగులుతారేమోనని. ఆఖరిది అయిపోయాక మిగతా నలభై ఏడు మంది గురించి అడగలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను కొట్టు నాయనా" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

"రమణయ్య చొక్కా వేసుకుని కూర్చోనుంటాడు, పద" అన్నాడు.

నిజంగానే చిన్నాయన ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో సంచీ, సంచీలో మడి మట్టి. ఆ రైతులకు చూపించడానికి. నాయన ఆయన పక్కన కూర్చున్నాడు. నేను చెప్పబోయాను, నోరు తెరిచాను కూడా. నాయన అడ్డం వచ్చాడు.

"పోయే పన్లేదు రమణయ్యా. తప్పు నాది. ఆ కాగితాల్లో లాభమన్నది పదమూడు మందే. నలభై ఏడు మంది వద్దు వద్దు అన్నోళ్ళే. వరికి తిరిగొచ్చినోడు ఒక్కడూ లేడు. నేనే ఆశ కొద్దీ తిరగేసి చదివి నీకు వినిపించినా."

మా నాయన అంత నున్నగా అబద్ధం ఆడగలడని నాకు తెలియదు. గొంతు తడబడలేదు. చిన్నాయన మట్టి సంచీ కింద పెట్టాడు.

"నాకు చదువు రాదని గదా చెంచురామన్నా" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

నాయన తల దించుకున్నాడు. చిన్నాయన నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పలేదా తల్లీ మీ నాయనకు, తప్పు చదువుతుండాడని?"

నాయన తల ఎత్తలేదు. నేను ఏ మాటైనా అనడానికి ఆయన అడ్డం రాలేదు. నిజం చెబితే ఆయన అబద్ధం పోతుంది, చిన్నాయన ముందు నేను చెడ్డదాన్నవుతాను. చెప్పకపోతే నాయన చెడ్డవాడవుతాడు. అప్పుడు నాకు తట్టిన ఆలోచన ఇదే, ఇంత తెలివిగానే తట్టింది. నేను బాగా చదువుకున్నాను మరి.

"చెప్పినా చిన్నాయనా. వినలేదు" అన్నాను.

చిన్నాయన లేచి నా తల మీద చెయ్యి వేశాడు. "నీ మాట వినుంటే నా మడి నాకుండేది తల్లీ" అన్నాడు. ఆ చెయ్యి అట్లాగే ఉంచి, నాయన వైపు చూడకుండా లోపలికి కేకేశాడు. "చదువుకున్న బిడ్డ ఎండలో వచ్చింది. మజ్జిగ తీసుకురా."

లోపలి నుంచి ఒక్క గ్లాసే వచ్చింది. నేను తాగాను.