గోడ మీది తెల్ల డబ్బా

"ఇయ్యాల గూడ పచ్చనే!" అంటూ మా ఆయన శ్రవణ్ ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. నేను గొట్టంతో పొయ్యి ఊదుతున్నాను. దగ్గు ముంచుకొచ్చి చూడలేకపోయాను.

గద్వాలలో గాలి ఎలా ఉందో రంగుల్లో చెప్పే యాప్ అది. గాలిని కొలిచే తెల్ల డబ్బాలు ఊళ్లో అక్కడక్కడా బిగిస్తున్నారని తెలిసి, ఒకటి మా వీధి గోడకు పెట్టించుకున్నది ఆయనే. పచ్చ రంగు చూశాకే షూ వేసుకుని నడకకు బయలుదేరతాడు. "మన డబ్బా చెప్తేనే బజారోళ్లకు తెలుస్తది" అని ఒకటే మురిపెం.

ఆ డబ్బాకు వీధి గాలే తెలుసు. ఇంటి వెనక, కిటికీ లేని ఈ రేకుల గదిలోకి అది తొంగిచూడదు. గ్యాస్ ఉంది, చాయకూ చుట్టాలకూ. జొన్నరొట్టె మాత్రం కట్టెల మీదే కాలాలి. "గ్యాసు రొట్టె రబ్బరు లెక్క సాగుతది" అంటుంది మా అత్త ఈదమ్మ. పొగ మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని దవాఖానలో డాక్టరమ్మ చెప్పిన మాట నిన్న ఆయనకు చెప్పాను. ఫోన్ తీసి చూశాడు. "బజారంత పచ్చగుంటే నీకొక్కదానికే పొగనా? పని చేయబుద్ధి గాక సాకులు." అన్నం వడ్డిస్తున్నా, బట్టలు పిండుతున్నా ఆ మాటే నాలో తిరిగింది. నా దగ్గు చాలదు, సాక్షి కావాలి. ఆ సాక్షి మా గోడ మీదే ఉంది.

ఇవాళ ఆయన నడకకని గేటు దాటగానే పిండి, రొట్టెలు కాల్చే పెంక, కట్టెలు వీధిలోకి మోసుకొచ్చాను. డబ్బా కింద మూడు ఇటుకలు పెట్టి పొయ్యి రాజేశాను.

"గిదేం పనే పావనీ, బజార్ల రొట్టెలు? నలుగురు నవ్వరా!"

"రా అత్తా, జర పక్కన కూసో."

కూర్చుంది. రెండో రొట్టె తిరగేసేలోపే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచింది.

ఎదురింటి శ్రీవాణి ఫోన్ పట్టుకుని వచ్చింది. "వదినా, మన బజారు ఎర్రగైంది! పిల్లల్ని బయటికి పంపొద్దంటుంది!" పొయ్యిని చూసింది, డబ్బాను చూసింది.

ఆయన పరుగున వచ్చాడు. "పిచ్చి లేసిందా నీకు? అందరు నాకే ఫోన్లు చేస్తుండ్రు!"

"లోపల రోజూ గింతే. ఆడ డబ్బా లేదు, గంతే."

ఆయన అత్త వైపు చూశాడు. ఆమె ఇంకా కళ్లు తుడుచుకుంటోంది.

నీళ్ల చెంబు ఆయన ముందుకు జరిపాను. "ఆర్పు. మళ్ల కట్టెల రొట్టె గావాల్నంటే నువ్వే ముట్టియ్యి."

మిగిలిన పిండి తీసుకుని, లోపల గ్యాస్ పొయ్యి దగ్గరికి నడిచాను.