మే నెలలో స్వెటర్

తిరుమలేశ్ సెల్లార్ మెట్లు దిగుతూనే మేకుకి వేలాడుతున్న గోధుమరంగు స్వెటర్ తీసి తొడుక్కున్నాడు. పైన ఫిల్మ్‌నగర్ రోడ్డు మే ఎండకి పెనంలా కాలుతోంది. కింద, డబ్బింగ్ స్టూడియో వాళ్ల ఈ కంప్యూటర్ల గదిలో మాత్రం ఏసీ చలి ఎముకలు కొరికేస్తుంది. మోతీనగర్ నుంచి బస్సులో చెమటలు కక్కుతూ వచ్చి, స్వెటర్ వేసుకుని పనికి కూర్చునే మనిషి ఆ వీధి మొత్తంలో ఆయనొక్కడే. వాచ్‌మన్లకి ఆయన పేరు తెలీదు. స్వెటర్ సార్ అంటారు.

సన్నటి మనిషి, కాస్త ముందుకు వంగుతాడు. వైర్లు ఒలిచి ఒలిచి వేళ్ల చివర్లు గట్టిపడ్డాయి. ఇన్నేళ్లలో ఏ సినిమా టైటిల్స్‌లోనూ ఆయన పేరు పడలేదు, దానికి బాధా లేదు. ఆయన గర్వమల్లా ఒకటే: తను ఒక్కరోజు రాకపోతే స్టూడియో మూగబోతుంది. కూతురి పెళ్లిలో పీటల మీద కూర్చుని కూడా, ఆగిపోయిన మిషన్‌ని ఫోన్లో చెప్పి లేపించాడు. ఆ సంగతి భార్య బాలమణి ఇప్పటికీ మరిచిపోనివ్వదు.

ఈ రోజుతో ఆయన రిటైరవుతాడు, ఆ గదీ చేజారిపోతుంది. రేపట్నుంచి అది పక్క కాఫీ హోటల్ వాళ్ల సామాన్ల గది. అందులో ఉన్నవి మూడు పెద్ద కంప్యూటర్లు. ఒకటి డబ్బింగ్ బుకింగులు చూస్తుంది, ఒకటి సౌండ్ ఫైళ్లు దాస్తుంది, ఒకటి లోపలి ఫోన్లు కలుపుతుంది. ఆ పనంతా బయటి కంపెనీకిచ్చేద్దామన్నాడు ఓనర్ వరప్రసాద్. తిరుమలేశ్ అడ్డుపడ్డాడు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు మీద మూడూ నడుస్తాయనీ, ఫ్రంట్ డెస్క్‌లో ఉండే నవత వాటిని చూసుకోగలదనీ మాటిచ్చాడు.

“సాయంత్రంలోగా ఆ అమ్మాయి చేతే నడిపించి చూపించండి తిరుమలేశ్ గారూ. నడిస్తే మీ ఉద్యోగం తనదే,” అన్నాడు వరప్రసాద్.

నవతది మధురానగర్. కొన్నాళ్లుగా భోజనాల వేళ కిందికొచ్చి, ప్రశ్నలతో ఆయన ప్రాణం తోడేసి మరీ నేర్చుకుంది. ఒక్క బోర్డు మూడు మిషన్లలా ఎలా నడుస్తుందండీ అని మొదట్లోనే అడిగింది.

“ట్రిపుల్ రోల్ సినిమా చూడలేదా? హీరో ఒక్కడే, పాత్రలు మూడు. ఒకని పని ఇంకొకని మీద పడకుండ చూసెటోడు గావాలె గదా. ఆ డైరెక్టర్ లెక్కటి ప్రోగ్రామే హైపర్‌వైజర్,” అన్నాడాయన.

పొద్దున్నే నవత చిన్న మెమరీ కార్డు మీద హైపర్‌వైజర్ ఎక్కించి, దాన్ని బోర్డులోకి తోసింది. స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చింది.

“జర ఆగు బిడ్డా. బొట్టు వెట్టకుండ ఎట్ల షురూ చేస్తవ్?”

పెద్ద మిషన్ల ఇనప పెట్టెలకి ఏటా బొట్లు పెట్టిన చెయ్యి అది. తడి పసుపు అద్ది, మీద కుంకుమ దిద్దాడు. ఈ బోర్డుకి ఒంటి మీద రేకు ముక్కయినా లేదన్న సంగతి ఆయనకి తట్టనేలేదు.

నవత స్విచ్ వేసింది. ఎర్రదీపం వెలిగింది. పక్కనున్న పచ్చదీపం మాత్రం మిణుక్కుమననైనా లేదు. మళ్లీ వేసింది. అంతే.

తిరుమలేశ్ గబుక్కున ముందుకు వంగాడు. అదే క్షణంలో, మనసు మూల ఎక్కడో చిన్న సంతోషం తలెత్తింది. చూశారా, నేను లేకపోతే ఇంతే! ఆ సంతోషానికి ఆయనకే సిగ్గేసింది. బోర్డు వైపు పోతున్న చేతుల్ని వెనక్కి లాగి స్వెటర్ జేబుల్లో కుక్కుకున్నాడు.

“నన్ను అడగకు. నీకేం కనవడుతుందో చెప్పు.”

నవత కరెంటు తీసేసి బోర్డు మీదికి వంగింది. “కార్డుని చదవట్లేదండీ.” మరికాస్త వంగి ఫక్కున నవ్వింది. “మీరు బొట్టు పెట్టింది కార్డు దూరే చోటండీ బాబూ!”

ఆయన నాలుక్కరుచుకున్నాడు. మైకులు తుడిచే స్పిరిట్, దూది తెచ్చి నవత కార్డునీ, అది దూరే సందునీ శుభ్రం చేసింది. తర్వాత కార్డునీ బోర్డునీ పైకి తీసుకెళ్లి గేటు పక్కన గోడ మీద ఎండకి పెట్టింది. ఆయన ఇన్నేళ్లూ తిట్టుకున్న ఎండ ఈ పూట పనికొచ్చింది.

ఈసారి పచ్చదీపం టకటకా కొట్టుకుంది. హైపర్‌వైజర్ లేచింది. దాని మీద మూడు మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి కళ్లు తెరిచాయి. పాతవాటిలోని సరుకంతా కొత్తవాటిలోకి దింపేసరికి పొద్దు వాలింది. నవత బోర్డుని పైకి తీసుకెళ్లి ఫ్రంట్ డెస్క్ వెనక అలమారాలో అమర్చింది. కాసేపటికి డెస్క్ మీద లోపలి ఫోన్ మోగింది.

“రేపు పొద్దున బుకింగ్ ఎవరిదమ్మా?” వరప్రసాద్ గొంతు.

నవత చూసి చెప్పింది.

“సరే. ఫ్రంట్ డెస్క్‌కి ఇంకెవర్నైనా చూస్తాలే,” అన్నాడు.

నవత రెండు చేతులతో మొహం కప్పుకుంది. తిరుమలేశ్ ఆమె తల మీద ఒకసారి చెయ్యి వేసి కిందికి వెళ్లాడు.

పాత మిషన్లని తనే ఆపాడు. ఇన్నేళ్లూ చెవిలో ఉన్న హోరు ఆగిపోతే గది కొత్తగా అనిపించింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తర్వాత ఏసీ కట్టేశాడు. నెమ్మదిగా ఉక్క మొదలైంది. స్వెటర్ విప్పి అలవాటుగా మేకుకి తగిలించి, పైకొచ్చాడు.

“ఏదైనా ఆగిపోతే ఫోన్ చేస్తానండీ,” అంది నవత గేటు దాకా వచ్చి.

“ఆగితే నువ్వే చూస్కో. ఫోన్ ఉత్తగనే చెయ్యి. ఒకరోజు ఇంటికి రా, బాలమణి చాయ్ పెడ్తది.”

చొక్కా చేతులు మడుచుకుంటూ సాయంత్రపు ఎండపొడలో బస్సు కోసం నడిచిపోయాడు. ఆయన నడకలో తొందర లేదు.

కింద గది వెచ్చబడింది. మేకుకి స్వెటర్ అలాగే వేలాడుతోంది, కుడి జేబు అంచున ఒక పసుపు వేలిముద్రతో.