మెత్తది తీసుకోబాకు

అల్లూరు దగ్గర ఉష వాళ్ళ చెరువుల్లో రొయ్యలు పట్టే రోజున ఆమె బొటనవేలిదే పెత్తనం. వల గట్టుకు రాగానే ఒక రొయ్యను తీసి వీపు మీద నొక్కుతుంది. పెంకు గట్టిగా ఉంటే సరే. వేలు లోపలికి దిగిందా, అది పక్క తొట్టిలోకి పోవాల్సిందే. కొనేవాడు దాన్ని కన్నెత్తి చూడడు. బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ఇంట్లో మెత్తది అంటే పనికిరానిదని లెక్క.

అంత గట్టి మనిషీ ప్యాడెల్ బ్యాట్ కొనడానికి మాత్రం సుభాషిణిని వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్ళింది. అద్దాల గోడల మధ్య ఇద్దరిద్దరు జట్లుగా ఆడే ఆ ఆటలో ఏడాదిగా వాళ్ళిద్దరూ ఒక జట్టు. సుభాషిణి వయసులో పెద్దది. సొంత అక్కకు చెప్పని సంగతులు కూడా ఉష ఆమెకు చెప్పుకుంటుంది. కుడి మోచేయి సలుపుతోందని చెప్పింది కూడా ఆమె ఒక్కదానికే. జిల్లా పోటీలు దగ్గరపడుతున్నాయి. సుభాషిణక్కతో కలిసి ఆ కప్పు ఎత్తాలని ఉష ఆశ.

కొట్టు యజమాని చంద్రమౌళి రెండు బ్యాట్లు బల్ల మీద పెట్టాడు.

"ఇది మెత్తది. లోపలుండే స్పాంజి దెబ్బను మింగేస్తాది. అది గట్టిది, బలంగా కొట్టేవాళ్ళకు..." అని ఇంకేదో చెప్పబోతుంటే సుభాషిణి అడ్డం వచ్చింది.

"మెత్తది తీసుకోబాకు ఉషా. చెరువు కాడ మెత్తదాన్ని ఏంజేస్తావు నువ్వు?"

ఉష నవ్వింది. రెండింటినీ బొటనవేలితో నొక్కి చూసి, లొంగనిదాన్ని చంకన పెట్టుకుంది. బ్యాట్‌కూ రొయ్యకూ తేడా ఉంటుందని ఆ వేలికి ఎవరు చెప్పాలి?

గట్టి బ్యాట్ ప్రతి దెబ్బనూ తెచ్చి మోచేతిలో దించింది. పోటీల వారానికి ఉష అన్నం కలుపుకోలేక చెంచాతో తింటోంది. సుభాషిణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పేరిచ్చేసినాం గదా, ఈసారికి రేవతితో ఆడతాలే," అంది. రేవతి జిల్లాలోకెల్లా మంచి ఆటగత్తె. ఉష పిచ్చిది, మనస్ఫూర్తిగా ఆడమంది.

పోటీ రోజు ఆట చూద్దామని వెళితే గేటు దగ్గరే చంద్రమౌళి బ్యాట్ల దుకాణం పెట్టుకుని కూర్చున్నాడు. ఉష చేతికట్టు చూసి నొచ్చుకున్నాడు.

"నొప్పి మీకేనామ్మా? మీరిద్దరూ వచ్చిన ముందురోజే ఆ అక్క ఒక్కతే వచ్చి, మోచేయి నొప్పి ఉన్నోళ్ళు గట్టిదాంతో ఆడితే ఏమైతాదని అడిగింది. చెయ్యి పోతాదని చెప్పినాను. తనకీ రేవతికీ మెత్తవే తీసుకోని పోయింది. మీ గురించని నాకు తెలీదమ్మా."

ఉష తన చేతికట్టు వైపు చూసుకుంది. నొప్పి సంగతి చెప్పుకున్నది ఒక్కరికి. ఆ ఒక్కరే దాన్ని పట్టుకుని ఆమెను పక్కకు నెట్టారు. చెరువు మాట ఎత్తింది కూడా ఊరికే కాదు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదేనని, కోసింది తను అక్కా అని పిలిచే సుభాషిణేనని తలుచుకుంటే ఉషకు ఏడుపు కూడా రాలేదు.

సుభాషిణి గెలిచి బయటికి వచ్చింది, చంకలో మెత్త బ్యాట్ పెట్టుకుని. వస్తూనే ఉష చేయి ప్రేమగా పట్టుకుని మోచేతి మీద బొటనవేలితో నొక్కింది.

"ఇంకా తగ్గలేదా? ఇక్కడేనా నొప్పి?"

ఉష చేయి వెనక్కి తీసుకుంది.

"అక్కడ కాదక్కా. ఎక్కడో ఇంకెప్పుడూ నీకు జెప్పను."