వీపు బాకీ

మురికి ఎక్కడ మొదలవుతుంది? ఈ సందేహాన్ని యామ్నా ఆరేళ్ళుగా మోస్తోంది. మంచం పట్టిన అత్తగారికి నాలుగేళ్ళు మలమూత్రాలెత్తి ఒళ్ళు తుడిచినప్పుడు, భర్త ఇద్రీస్ ఇంటికొచ్చిన వాళ్ళందరితో, "మా ఆవిడ స్వర్గానికి మెట్లు కట్టుకుంటోంది" అన్నాడు. అత్తగారు పోయాక అదే పనికి మెక్నెస్ పట్నంలోని వృద్ధాశ్రమంలో జీతానికి కుదిరితే, "ఆ చేతుల్తో రొట్టెపిండి కలపకు" అన్నాడు. అన్నాడే గానీ తను కలపలేదు. ఆమె కలిపిందే తిన్నాడు. నమాజుకు ముందు మోచేతుల దాకా కడుక్కునేటప్పుడల్లా యామ్నా అనుకునేది: చేతులు అవే, నీళ్ళూ అవే. తేడా దేవుడికి కూడా కనిపిస్తుందా?

ఆశ్రమానికి కొత్తగా వచ్చిన, అందరూ గౌరవంగా 'లల్లా' అని పిలిచే బత్తూల్‌కి పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. తొమ్మిది రోజులుగా ఒంటిమీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు. తొడల దగ్గర చర్మం ఒరుసుకుపోతోంది. ఎడమచేత్తో దుప్పటి బిగించి పట్టుకుని, "నేనేం శవాన్నా, పడుకోబెట్టి కడగడానికి?" అని అరుస్తుంది.

"రేపు ఇద్దరు గట్టిగా పట్టుకోండి, ఒకరు కడగండి" అంది పెద్ద నర్సు.

బత్తూల్ గొంతు యామ్నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట, మొదటి కడుపు పోయి ఊరి ఆవిరి స్నానశాలకి, హమామ్‌కి, వెళ్ళిన రోజున, పక్కన కూర్చోడానికి కూడా ఆడవాళ్ళు జంకారు. ఈవిడే వచ్చి, ఒక్క మాటా అడక్కుండా వీపు రుద్దింది. హమామ్‌లో వీపుకు వీపు, అదీ మర్యాద. యామ్నా తన వంతుకి గరుకు తొడుగు చేతికి వేసుకునేలోపే గుమ్మంలోంచి అత్తగారు కేకేసింది: "పొయ్యి దగ్గర రొట్టెలు మాడుతుంటే ఇక్కడ రాణిలా కూర్చున్నావా?" లేచి పరిగెత్తింది. "పోవే పిల్లా, నా వీపెక్కడికీ పోదు" అని వెనక నుంచి బత్తూల్ నవ్వింది.

మర్నాడు మిగతావాళ్ళకంటే ముందే, ఇంటి నుంచి తెచ్చిన తొడుగు, నల్ల సబ్బు పట్టుకుని యామ్నా మంచం దగ్గర నిలబడింది.

"లల్లా, మీకు నేనొక వీపు బాకీ." జరిగింది చెప్పింది.

ముసలామె ఆ తొడుగుకేసి చూసింది. "నాకేం గుర్తులేదే. అయినా బాకీ బాకీయేగా. కూర్చోబెట్టి రుద్దుతావా?"

"కూర్చోబెట్టే."

దుప్పటి వదులైంది.

స్నానాల గదిలో చక్రాల కుర్చీ మీద, తువ్వాలు చుట్టుకుని, ఆవిరిలో బత్తూల్ వీపు తిప్పింది. పుండ్లు లేనిచోట యామ్నా మెల్లగా రుద్దింది.

"ఏంటే, పిల్లి మూతి తుడుస్తున్నట్టు! మీ ఆయన తిండి పెట్టట్లేదా?"

"ఆయనకే నేను పెడుతున్నా, లల్లా."

ఇద్దరూ నవ్వారు. తొడుగు కింద మట్టి నల్లగా ఉండలు కట్టి రాలింది. యామ్నా తన చేతులకేసి చూసుకుంది. ఇవాళ పిండి ఈ చేతులతోనే కలుపుతుంది. ఇద్రీస్ ముక్కు చిట్లిస్తే పిండి పళ్ళెం అతని ముందుకే జరుపుతుంది. కలుపుకుంటాడో, పస్తుంటాడో అతనిష్టం.

చెంబుడు నీళ్ళు వీపు మీద జారాయి. బత్తూల్ ఎడమచేత్తో తువ్వాలు ముడి తనే విప్పుకుంది.

"నీ బాకీ తీరిందే పిల్లా. ఇక మిగతా ఒళ్ళు కూడా కడిగెయ్యి, చలేస్తోంది."